నీ ఒంటిని తొందరపెట్టకు

ఏ హైస్కూలుకైనా వెళ్లి ఎనిమిదో తరగతి పిల్లలను వరసగా నిలబెట్టి చూడండి. అందరికీ అటూఇటుగా 13 ఏళ్లే. కానీ ఒకడి తల పక్కవాడి భుజం దగ్గరే ఆగిపోతుంది. ఒకమ్మాయి టీచరమ్మ కంటే పొడుగ్గా ఉంటుంది, ఆమె స్నేహితురాలు ఐదో తరగతి పిల్లలా కనిపిస్తుంది. ఒక కుర్రాడికి నూనూగు మీసం వచ్చేసింది, వాడి బెంచీలోనే కూర్చునే నేస్తానికి ఇంకా పసిబుగ్గలే. ఆ వయసులో ఆరోగ్యంగా ఉన్న ఇద్దరు పిల్లల మధ్య 25 సెంటీమీటర్ల ఎత్తు తేడా ఉన్నా డాక్టర్లు కంగారుపడరు. ఆ గదిలో ఉన్న పిల్లలు మాత్రం కంగారుపడతారు. పొడుగమ్మాయి వంగి నడుస్తుంది. పొట్టి కుర్రాడు ప్రార్థనలో ముందు వరసలో నిలబడాల్సి వచ్చిన ప్రతి ఉదయం కుంగిపోతాడు.

ఆ గదిలో నువ్వూ ఉంటే ఈ మాటలు నీ కోసమే. నువ్వు అందంగానే ఉన్నావులే అని ఊరడించబోవడం లేదు. ఆ మాట అమ్మ చెప్పినా నువ్వు నమ్మవని తెలుసు. నీ ఒంట్లో ఏం జరుగుతోందో నీకు సరిగ్గా తెలియాలి, అంతే. ఎదిగే పిల్లల బెంగలో చాలా భాగం తెలియకపోవడం వల్ల వస్తుంది. మిగిలింది చుట్టూ ఉన్నవాళ్ల నోటి వల్ల వస్తుంది. తెలుసుకుంటే మొదటిది పోతుంది. జవాబు చెప్పడం నేర్చుకుంటే రెండోదాని పదును తగ్గుతుంది.

ముందు తెలుసుకోవాల్సినవి చూద్దాం. అమ్మాయిల్లో ఈ మార్పులు 8 నుంచి 13 ఏళ్ల మధ్య ఎప్పుడైనా మొదలుకావచ్చు. అబ్బాయిల్లో 9 నుంచి 14 మధ్య. మెదడులోని హైపోథాలమస్ కబురు పంపితే పిట్యూటరీ గ్రంథి పని మొదలుపెడుతుంది, దాంతో అమ్మాయిల్లో ఈస్ట్రోజెన్, అబ్బాయిల్లో టెస్టోస్టెరాన్ పెరుగుతాయి. ఆ కబురు ఎప్పుడు వెళ్లాలన్నది చాలావరకు వంశాన్ని బట్టి ఉంటుంది. మీ నాన్న ఇంటర్‌కు వచ్చాకే ఎత్తు పెరిగి ఉంటే నీకూ అదే జరగొచ్చు. మీ అమ్మ ఎన్నో ఏట పెద్దమనిషి అయ్యిందో అమ్మమ్మకు గుర్తుండే ఉంటుంది. అడిగి చూడు. నీ ప్రశ్నకు సగం జవాబు ఇంట్లోనే దొరుకుతుంది.

అమ్మాయిలు అబ్బాయిల కంటే దాదాపు రెండేళ్లు ముందు ఎత్తు పెరగడం మొదలుపెడతారు. ఏడో తరగతిలో అమ్మాయిలు అక్కల్లా, అబ్బాయిలు తమ్ముళ్లలా కనిపించేది అందుకే. జోరుగా పెరిగే ఏడాదిలో అమ్మాయిలు సుమారు 8 సెంటీమీటర్లు, అబ్బాయిలు 9 నుంచి 10 సెంటీమీటర్లు పెరుగుతారు. ఆ పెరుగుదలైనా అన్ని భాగాల్లో ఒకేసారి రాదు. ముందు పాదాలు, అరచేతులు పెరుగుతాయి, తర్వాత కాళ్లు, చేతులు, ఆఖరున మొండెం. కొన్న బూట్లు ఆరు నెలలకే బిగుతైతే, కాళ్లూ చేతులూ నీవి కానట్టు అడ్డం తగులుతుంటే, నువ్వు ఆ మధ్య దశలో ఉన్నావు. ఎత్తు పెరగబోయే ముందు చాలామంది కాస్త ఒళ్లు చేస్తారు కూడా. అమ్మాయిలకు తుంటి దగ్గర, తొడల దగ్గర కొవ్వు చేరడం ఈస్ట్రోజెన్ చేసే పని. తిండి తగ్గించి దాన్ని ఆపాలనుకుంటే ఎదుగుదల దెబ్బతింటుంది.

అబ్బాయిలు ఎవరికీ చెప్పుకోని సంగతి ఒకటుంది. 13, 14 ఏళ్లప్పుడు ఛాతీ మీద చనుమొనల కింద చిన్న గడ్డలా గట్టిపడుతుంది, ముట్టుకుంటే నొప్పి, కొందరికి ఛాతీ ఉబ్బినట్టు కనిపిస్తుంది. ఆ రోజు నుంచి కాలువలో ఈతకు వెళ్లడం మానేస్తారు, ఎండాకాలంలో కూడా చొక్కా కింద రెండు బనియన్లు వేసుకుంటారు, కబడ్డీలో చొక్కా విప్పమంటే కడుపునొప్పి అంటారు. తనకేదో పెద్ద జబ్బు వచ్చిందనో, తాను మగవాడు కాదేమోననో లోలోపల నలిగిపోతారు. నిజానికి ఇది ఎదిగే అబ్బాయిల్లో సగానికి పైగా ఏదో ఒక మేరకు వచ్చేదే. హార్మోన్ల పాళ్లు కుదురుకునే లోపు జరిగే మార్పు. చాలామందిలో ఆరు నెలల నుంచి రెండేళ్లలో దానంతట అదే తగ్గుతుంది. ఈ మూడు వాక్యాలు ఏ సైన్సు మాస్టారైనా తరగతిలో ఒకసారి చెబితే చాలు, ఎంతమంది పిల్లల గుండె తేలికపడుతుందో. అమ్మాయిల్లోనూ అంతే. రెండు రొమ్ములూ ఒకే కొలతలో పెరగకపోవడం, మొదటి రెండేళ్లు నెలసరి క్రమంగా రాకపోవడం, తొడల మీద చారలు పడడం, పైపెదవి మీద సన్నని వెంట్రుకలు కనిపించడం చాలామందికి జరిగేవే.

ఎత్తు గురించి బెంగ ఉన్నవాళ్లకు ఒక లెక్క చెబుతాను. అమ్మ ఎత్తు, నాన్న ఎత్తు సెంటీమీటర్లలో కూడు. అబ్బాయివైతే దానికి 13 కలుపు, అమ్మాయివైతే 13 తీసెయ్యి. వచ్చినదాన్ని రెండుతో భాగించు. నాన్న 170, అమ్మ 155 అయితే అబ్బాయికి 169, అమ్మాయికి 156 వస్తుంది. దానికి అటూఇటూ ఓ 8 సెంటీమీటర్ల లోపు నీ ఎత్తు తేలే అవకాశం ఎక్కువ. ఇది పిల్లల డాక్టర్లు వాడే లెక్కే. ఎముకల చివర ఉండే ఎదుగుదల పొరలు మూసుకుపోయాక ఏ పొడి తాగినా, ఏ కడ్డీ పట్టుకుని వేలాడినా ఎత్తు పెరగరు. ప్రకటనలు చూసి అమ్మానాన్నల డబ్బు దానికి తగలేయించకు. ఆ పొరలు తెరిచి ఉన్నన్నాళ్లూ నీకు నిజంగా పనికొచ్చేవి తిండి, ఆట, నిద్ర. ఎదుగుదల హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే, ఈ వయసుకు రోజూ 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. తెల్లవారుజామున లేపి అర్ధరాత్రి దాకా చదివించే హాస్టళ్లలో పిల్లల్ని వేసే పెద్దలు ఈ మాట పిల్లల కంటే ముందు వినాలి.

ఇక నోటి సంగతి. మన ఇళ్లలో పలకరింపే ఒంటి మీద మొదలవుతుంది. పెళ్లికి వెళ్తే గుమ్మంలోనే ఒకావిడ "ఏంటే, ఇంత నల్లబడ్డావు?" అంటుంది, భోజనాల దగ్గర ఇంకొకరు "వీడేంట్రా, ఇలా పీలగా ఉన్నాడు, తిండి పెట్టట్లేదా?" అంటారు. బడిలో బక్కోడు, బండోడు, పొట్టోడు, కరెంటు స్తంభం, తాటిచెట్టు. అన్నవాళ్లు సాయంత్రానికి మరిచిపోతారు. పడినవాళ్లు ఏళ్ల తరబడి మోస్తారు.

అమ్మాయిలకు ఇంకో బరువు ఉంది. 11, 12 ఏళ్ల పిల్ల పెద్దమనిషి కాగానే ఆ కబురు ఫోన్లలో ఊరూరా తిరుగుతుంది. చాప మీద కూర్చోబెడతారు, చిమ్మిలి తినిపిస్తారు, కొన్నాళ్లకు ఓణీల ఫంక్షన్, వీధి మలుపులో ఆ పిల్ల ఫొటోతో నిలువెత్తు ఫ్లెక్సీ. నువ్వులూ బెల్లమూ కలిపి పెట్టే అమ్మమ్మ ప్రేమ గొప్పది, అందులో సందేహం లేదు. పట్టులంగా ఓణీ కట్టుకుని మురిసిపోయే పిల్లలూ ఉన్నారు. కానీ అందరూ మురిసిపోరు. నిన్నటిదాకా వీధిలో సైకిలు తొక్కిన పిల్ల ఒంటి మార్పు ఉన్నట్టుండి ఊరందరి సంగతైపోతుంది. మామయ్యలు, పక్కింటివాళ్లు, బడిలో అబ్బాయిలు, అందరికీ తెలిసిపోయింది. ఆ పిల్ల మర్నాటి నుంచి భుజాలు ముందుకు వంచి, పుస్తకాల సంచిని ఛాతీకి అదుముకుని నడుస్తుంది. తోటివాళ్ల కంటే ముందు ఎదిగిన అమ్మాయిలకు, ఆలస్యంగా ఎదిగిన అబ్బాయిలకు ఒంటి మీద అసంతృప్తి ఎక్కువని మనస్తత్వ పరిశోధనలు చాలాకాలంగా చెబుతూనే ఉన్నాయి. కాబట్టి అమ్మానాన్నలకు నా విన్నపం ఒక్కటే. వేడుక చేసే ముందు పిల్లను అడగండి. వద్దంటే మానండి. సరేనంటే ఎవరిని పిలవాలో, ఫ్లెక్సీ కట్టాలో వద్దో తననే చెప్పనివ్వండి.

నువ్వు చేయగలిగింది మాటకు మాట నేర్చుకోవడం. మాటకు మాట అంటే కయ్యం కాదు. పెళ్లిలో పిన్ని "ఇంత లావయ్యావేంటే?" అంటే, "ఎదుగుతున్నాను పిన్నీ. బాబు ఏం చదువుతున్నాడు?" అను. రెండు ముక్కల్లో జవాబు, వెంటనే వేరే ప్రశ్న. చాలామంది ఆ ప్రశ్న వెంట వెళ్లిపోతారు. మళ్లీ అదే ఎత్తితే, "ఆ మాట వద్దు పిన్నీ, నాకు ఇష్టం లేదు" అని నెమ్మదిగా చెప్పు. పెద్దవాళ్లకు ఎదురు చెప్పినట్టు కాదు ఇది. నీ ఇష్టం చెప్పడానికి గౌరవం అడ్డు రాదు. బడిలో పేరు పెట్టి ఏడిపించేవాడికి నవ్వి ఊరుకోకు. నువ్వు నవ్వితే నీకూ అది సరదాగానే ఉందని వాడు అనుకుంటాడు. "నాకు పేరుంది, దాంతో పిలువు" అని ముఖం చూసి చెప్పు. మానకపోతే ఒంటరిగా ఉన్నప్పుడు పట్టుకుని, "అలా పిలిస్తే నాకు బాధగా ఉందిరా" అను. అందరి ముందు బిగుసుకునేవాడు కూడా ఒంటరిగా ఉన్నప్పుడు మెత్తబడతాడు. అప్పటికీ మానకపోతే టీచరుకు చెప్పు. చెప్పడం పిరికితనం కాదు. ఎవరైనా నీ ఒంటి గురించి వెకిలిగా మాట్లాడినా, చేయి వేసినా అది ఏడిపించడం కాదు, నేరం. వెంటనే ఇంట్లో చెప్పు, లేదా 1098కి ఫోన్ చెయ్యి. ఈ జవాబులు అద్దం ముందు నాలుగుసార్లు పైకి అనుకుని చూడు. అవసరమొచ్చినప్పుడు నోరు తడబడదు. నువ్వు కూడా ఎవరినీ బండోడా అనకు. ఆ మాట నీ నోట ఆగిపోతే నీ తరగతిలో ఒక వెక్కిరింత తగ్గినట్టే.

ఒంటి రంగు దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇక్కడ బెంగ కాస్తా గాయమవుతోంది. తెలుపే అందమన్న మాటను అమ్మకానికి పెట్టి మన దేశంలో ఎన్నో ఏళ్లయింది. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 2020లో తన పేరులోంచి ఆ ఫెయిర్ అన్న ముక్క తీసేసుకుంది. పేరు మారినంత తేలిగ్గా ఇళ్లలో ఆలోచన మారలేదు. అంతకంటే ప్రమాదం మందుల షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకునే ట్యూబులు. వాటిలో చాలావాటిలో బీటామెథసోన్, క్లోబెటసోల్ వంటి స్టెరాయిడ్లు ఉంటాయి. రాసిన వారంలో ముఖం తేటపడినట్టు కనిపిస్తుంది, ఆ మెరుపు చూసి స్నేహితులకూ చెబుతారు. నెలలు గడిచేసరికి చర్మం పల్చబడుతుంది, ఎండ తగిలితే ఎర్రగా మండుతుంది, మొటిమలు విరగబూస్తాయి, బుగ్గల మీద వెంట్రుకలు వస్తాయి. మానేస్తే మంట రెట్టింపవుతుంది, అందుకని మళ్లీ రాస్తారు. ఇలాంటి పూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లో కట్టడి చేసింది. చీటీ లేకుండా దొరికినా కొనకు. మొటిమలకు కూడా అంతే. టెస్టోస్టెరాన్ వంటి హార్మోన్ల వల్ల చర్మంలో జిడ్డు పెరిగి రంధ్రాలు మూసుకుపోవడం వల్ల వచ్చే మొటిమలు ఈ వయసు పిల్లల్లో ఎక్కువమందికి వస్తాయి. గిల్లకు, నిమ్మరసమూ టూత్‌పేస్టూ రాయకు. రోజుకు రెండుసార్లు మెత్తటి సబ్బుతో కడుక్కో, మచ్చలు పడేలా ఉంటే చర్మ డాక్టరును కలువు.

మెడ వెనక నల్లబడడం గురించి అమ్మలకు ఒక మాట. దాన్ని మురికనుకుని ఆదివారం పూట సున్నిపిండితో, పీచుతో చర్మం ఊడేలా రుద్దుతారు. మెడ మీద, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, మఖ్‌మల్ గుడ్డలా మారితే రుద్దినా పోదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదని చెప్పే గుర్తు కావచ్చు అది. పిల్లను తిట్టకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

బరువు తగ్గాలని టిఫిన్ మానేసే అమ్మాయిలకు, నెల రోజుల్లో కండలు రావాలని జిమ్‌కు పరిగెత్తే అబ్బాయిలకు చెప్పాల్సింది ఒకటే. ఈ ఏళ్లలో కట్టిన ఎముకే ముసలితనం దాకా మోస్తుంది. గుడ్డు, పప్పు, పాలు, రాగులు, ఆకుకూర కడుపునిండా తినాల్సిన కాలమిది. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర కిటికీలోంచి పారేయకు. కసరత్తు మంచిదే, కోచ్ దగ్గర పద్ధతిగా నేర్చుకుంటే బరువులెత్తడమూ మంచిదే. కానీ ఎవరైనా ఇంజెక్షన్ అంటే ఆ జిమ్‌లోకి మళ్లీ అడుగుపెట్టకు. కండలు పెంచే స్టెరాయిడ్లు ఎదుగుదల పొరల్ని ముందే మూసేస్తాయి. కండ వస్తుందేమో గానీ ఎత్తు అక్కడే ఆగిపోతుంది.

అందరూ నన్నే చూస్తున్నారు అనిపిస్తుందా? అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ ఎల్కైండ్ 1967లోనే దీన్ని గుర్తించారు. ఈ వయసు పిల్లలు తమ చుట్టూ ఎప్పుడూ ఊహలో ఒక ప్రేక్షకుల గుంపును మోసుకు తిరుగుతారన్నారు. థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థులతో చేసిన ఒక ప్రయోగాన్ని 2000లో ప్రచురించారు. తలదించుకోవాల్సినంత వెగటుగా ఉన్న టీషర్టు తొడిగించి ఒక్కొక్కరినీ మిగతావాళ్లున్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది నా టీషర్టు చూసి ఉంటారు అనుకున్నారు వేసుకున్నవాళ్లు. నిజంగా గమనించింది నాలుగో వంతు మందే. వాళ్లకు అటూఇటుగా 20 ఏళ్లు, అది పెద్ద టీషర్టు. నీ గడ్డం మీది మొటిమ ఎంతమందికి కనిపించి ఉంటుందో నువ్వే లెక్కవేసుకో. పక్క బెంచీలో పిల్ల కూడా తన మొటిమ గురించే ఆలోచిస్తోంది.

ఫోన్ కెమెరాను కూడా నమ్మకు. ముఖానికి అడుగు దూరంలో పెట్టి సెల్ఫీ తీస్తే ఐదడుగుల దూరం నుంచి తీసినదాని కంటే ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కగట్టారు. దగ్గరున్నది పెద్దగా కనబడడం లెన్సు గుణం, ముక్కు తప్పు కాదు. అయితే అసలు చిక్కు తెర మీద రోజంతా కనిపించే ఇతరుల ఒళ్లతో. ఫిజీ దీవుల్లోని నాడ్రోగా ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. అప్పటిదాకా అక్కడ నిండైన ఒళ్లు ఇంటి ఆదరణకు గుర్తు, చిక్కిపోయావంటే అయ్యో అని అర్థం. మన అమ్మమ్మలూ అలాగే అనేవారు కదా. హార్వర్డ్ పరిశోధకురాలు ఆన్ బెకర్ టీవీ వచ్చిన కొత్తలో ఒకసారి, 1998లో మరోసారి అక్కడి బడి అమ్మాయిలను పరిశీలించారు. బరువు తగ్గడానికి కావాలని వాంతి చేసుకునే పిల్లలు మొదట ఒక్కరూ లేరు. మూడేళ్ల తర్వాత 100కు 11 మంది. ఆ మూడేళ్లలో అమ్మాయిల ఒళ్లు మారిపోలేదు, చూసే బొమ్మలు మారాయి. నీ ఫోన్‌లో ఏ పేజీ చూశాక నీ మీద నీకు రోత పుడుతుందో గమనించు. ఈ రోజే దాన్ని అన్‌ఫాలో చెయ్యి.

ఒంటిని చూడడం తగ్గించి వాడడం పెంచు. విశాఖపట్నం పోర్టు హైస్కూల్లో చదువుతున్న జ్యోతి యర్రాజి ఎత్తు చూసి హర్డిల్స్‌కు బాగా పనికొస్తుందని ఆమె వ్యాయామ ఉపాధ్యాయుడు గుర్తించారు. ఆమె 2023లో బ్యాంకాక్ ఆసియా అథ్లెటిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ బంగారు పతకం గెలిచింది, 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో ఆ పోటీలో పరిగెత్తిన మొదటి భారతీయ మహిళ అయింది. తాటిచెట్టు అని వెక్కిరించే కళ్లు ఉన్న ఊళ్లోనే ఆ ఎత్తును బలంగా చూసిన కళ్లూ ఉన్నాయి. పతకం తెస్తేనే ఒంటికి గౌరవమని చెప్పడం లేదు. ఈత కొట్టు, సైకిలు మీద వంతెన ఎక్కు, కోలాటం ఆడు, కూచిపూడి నేర్చుకో. ఊపిరి ఎంతసేపు నిలుస్తోంది, కాలు ఎంత ఎత్తు లేస్తోంది అని చూసుకునే వేళ నడుము కొలత గుర్తురాదు. అందుకు సరిపడే బట్టలు కావాలి. అమ్మానాన్నలారా, వచ్చే ఏడాదికీ పనికొస్తుందని వదులుది, పాతదే చాలని బిగుతుది తొడిగించకండి. అమ్మాయికి సరైన కొలత బ్రా కొనివ్వండి. అది లేకే ఎంతోమంది పిల్లలు ఆటల పీరియడ్ ఎగ్గొడుతున్నారు.

అమ్మా, నువ్వు అద్దం ముందు నిలబడి "ఛీ, ఎంత లావైపోయానో" అన్నప్పుడు వెనక మంచం మీద కూర్చుని ఒకరు వింటున్నారు. నాన్నా, అక్క రంగునూ చెల్లి రంగునూ పక్కపక్కన పెట్టి మాట్లాడవద్దు, సరదాకైనా సరే. పిల్లల బరువు సరిగ్గా ఉందో లేదో పెద్దల బీఎంఐ లెక్కతో తేల్చకండి. వయసును బట్టి మారే ఎదుగుదల చార్టులు పిల్లల డాక్టర్ల దగ్గర ఉంటాయి. అమ్మాయికి 8 ఏళ్లు, అబ్బాయికి 9 ఏళ్లు నిండకముందే మార్పులు మొదలైనా, 13 దాటినా అమ్మాయిలో, 14 దాటినా అబ్బాయిలో ఏ మార్పూ కనిపించకపోయినా, 15 వచ్చినా నెలసరి రాకపోయినా చూపించాలి.

ఇవన్నీ తెలిసినా కొందరిని బెంగ వదలదు. తిన్నది కక్కేయడం, పూటలు పూటలు మానేయడం, గంటల తరబడి అద్దం ముందు ఒకే లోపాన్ని వెతకడం, ముఖం చూపించలేక బడి మానేయడం, బతకాలని లేదనిపించడం. వీటిలో ఏదైనా నీకుంటే అది నీ మొండితనం కాదు, వైద్యంతో నయమయ్యే ఇబ్బంది. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కింద 10 నుంచి 19 ఏళ్ల వారి కోసం ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రత్యేక క్లినిక్‌లు పెట్టారు. టెలిమానస్ నంబరు 14416కు రాత్రీపగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే ఈ ఒక్క వాక్యం చెప్పు: "నా ఒంటి గురించి రోజంతా ఆలోచిస్తున్నాను, ఆపుకోలేకపోతున్నాను." మిగతావి వాళ్లే అడుగుతారు.